కార్బెవ్యాక్స్: మా పాపకూ నాకూ వేయించిన టీకా మీద నా అభిప్రాయం

కోవిషీల్డ్, కోవాగ్జిన్‌ల గురించి మాట్లాడని మనిషి లేడు. కోవాగ్జిన్‌లాగే హైదరాబాద్‌లో తయారైన కార్బెవ్యాక్స్ గురించి మాత్రం, వేయించుకున్నవాళ్లు రాసింది నాకు పెద్దగా కనబడలేదు. 2022లో 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వేసింది ఇదే. చాలామంది తల్లిదండ్రులకు పేరు కూడా గుర్తులేదు, "పిల్లలకేసిన సూది" అంటారు, అంతే. మా పెద్దమ్మాయికి రెండు డోసులూ ఇదే పడింది. కోవాగ్జిన్ రెండు డోసులు అయిపోయిన నేను బూస్టర్‌గా ఇదే వేయించుకున్నాను. మిర్యాలగూడలో మా ఆయనా నేనూ మెడికల్ షాపు నడుపుతాం. నేను ఫార్మసీ చదివాను. కరోనా టీకాలేవీ మా షాపులో అమ్మినవి కావు కాబట్టి ఇందులో నాకు లాభనష్టాలేం లేవు. తల్లిగా నాకు అనిపించిందీ, కౌంటర్ దగ్గర నిలబడే మనిషిగా నాకు తెలిసిందీ రెండూ చెబుతాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. టీకా మంచిది. ధర ఇంకా మంచిది. దాని గురించి జనానికి విడమరిచి చెప్పడమే జరగలేదు. ఆ చెప్పనిదంతా మాలాంటివాళ్ల కౌంటర్ల మీదకు వచ్చి పడింది.

ముందు ఇదేమిటో చూద్దాం. కరోనా వైరస్ ఒంటి నిండా ముళ్లుంటాయి, స్పైక్ ప్రోటీన్ అంటారు. ఒక్కో ముల్లు మూడు ఒకేలాంటి గొలుసుల ముడి, ఒక్కో గొలుసులో 1,273 అమైనో ఆమ్లాలు పూసల్లా ఉంటాయి. అందులో రెండొందల పైచిలుకు పూసలున్న ఒక చిన్న భాగమే మన కణాల మీది ఏసీఈ2 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఆ భాగం పేరు ఆర్‌బీడీ. కోవాగ్జిన్‌లో ఉండేది చంపిన వైరస్ మొత్తం. కోవిషీల్డ్‌లో చింపాంజీలకు జలుబు తెచ్చే వైరస్‌ను నిర్వీర్యం చేసి, దాని లోపల ముల్లు తయారు చేసే సూచన పెట్టి పంపుతారు. కార్బెవ్యాక్స్‌లో వైరస్సూ లేదు, సూచనా లేదు. ఆ పట్టుకునే ముక్క ఒక్కటే ఉంటుంది. చచ్చిన దొంగను చావిడి ముందు పడుకోబెట్టి ఊరందరినీ చూసుకోమనడం కోవాగ్జిన్ పద్ధతి అనుకుంటే, తలుపు గొళ్లెం తీసే వాడి చెయ్యి ఒక్కటి చూపించి గుర్తుపెట్టుకోమనడం కార్బెవ్యాక్స్ పద్ధతి. చెయ్యి గుర్తుంటే చాలు, లోపలికి రాకుండా ఆపొచ్చు. వాడు చేతికి తొడుగేసుకుని వస్తే ఏమిటన్న ప్రశ్న ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ ముక్కను ఈస్ట్‌లో పెంచుతారు. పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్ కణానికి ఆర్‌బీడీ తయారు చేసే జన్యువు ఎక్కించి, పెద్ద పెద్ద తొట్లలో పులియబెట్టి, ప్రోటీన్‌ను వేరుచేసి శుద్ధి చేస్తారు. హెపటైటిస్-బి టీకా దశాబ్దాలుగా ఈస్ట్‌లోనే తయారవుతోంది. మన పిల్లలకు పుట్టిన వెంటనే వేయిస్తున్నదే అది. కాబట్టి పిల్లల టీకా అనగానే నాకు మొదట ధైర్యం కలిగింది ఇక్కడే. ముల్లు తయారు చేసే సూచనను మాత్రమే పంపే ఎంఆర్ఎన్ఏ టీకాల (ఫైజర్, మోడర్నాలాంటివి) మీద నాకు వ్యతిరేకత ఏమీ లేదు. కాకపోతే పన్నెండేళ్ల పిల్లకు వేయించేటప్పుడు, ఇదే పద్ధతిలో చేసిన మందు కోట్లమంది పసిపిల్లల ఒంట్లోకి వెళ్లి ఉందంటే తల్లి మనసుకు అదొక ఆసరా.

ఉత్త ముక్కను ఎక్కిస్తే శరీరం పెద్దగా పట్టించుకోదు. అందుకే దానితో పాటు రెండు ఉత్తేజకాలు కలిపారు. ఒకటి పటిక జాతికి చెందిన అల్యూమినియం లవణం. టి.టి. ఇంజెక్షన్‌లో కూడా ఉండేదే. రెండోది సీపీజీ 1018 అనే చిన్న డీఎన్ఏ తునక. మన రక్షణ కణాలు దాన్ని చూసి సూక్ష్మజీవి ఏదో వచ్చిందనుకుని మేల్కొంటాయి. డీఎన్ఏ అన్న మాట విని "మన జన్యువులు మారిపోతాయా" అని అడిగిన ఒక టీచర్‌గారు ఉన్నారు మాకు. అది మన జన్యువుల్లో కలిసేది కాదు, కాసేపు గంట మోగించి కరిగిపోయేది అని చెప్పాను. సార్ వినేరకం, విన్నారు.

షాపులో నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న: "ఇంత జల్దిగ ఎట్ల తయారు చేసిన్రు మేడం? టీకా అంటే పదేండ్లు పడ్తది కదా?" న్యాయమైన ప్రశ్నే. కార్బెవ్యాక్స్ విషయంలో దీనికి జవాబు చాలా శుభ్రంగా ఉంది, ఎవరూ చెప్పలేదు గానీ. 2002-03లో సార్స్ వచ్చింది గుర్తుందా? అదీ కరోనా కుటుంబానిదే. అమెరికాలో టెక్సస్ చిల్డ్రన్స్ హాస్పిటల్, బేలర్ కాలేజీ ఆఫ్ మెడిసిన్‌లలో పనిచేసే పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొటాజీల బృందం ఆ సార్స్‌కు ఇదే ఆర్‌బీడీ పద్ధతిలో టీకా తయారు చేసి పెట్టుకుంది. 2016 నాటికి టీకా చేతిలో ఉంది. అప్పటికి సార్స్ కనుమరుగైంది కాబట్టి మనుషుల మీద పరీక్షలకు డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు. ఫ్రీజర్‌లో పెట్టేశారు. 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు కొత్త వైరస్ జన్యుక్రమాన్ని, దాదాపు 30 వేల అక్షరాల వరసను, లోకం ముందు పెట్టగానే అది పాత సార్స్‌కు దగ్గరి చుట్టమని తేలిపోయింది. వీళ్లకు కొత్తగా కనిపెట్టాల్సింది తక్కువే, పాత దారిలో కొత్త ముక్కను పెట్టి నడిస్తే చాలు. అంటే ఇది ఏడాదిన్నరలో పుట్టింది కాదు, పదేళ్ల పనికి చివరి మెట్టు. ఆ ప్రశ్న అడిగిన ప్రతి మనిషికీ ఈ కథ చెప్పాను. విన్నాక ముఖంలో అనుమానం తగ్గడం కళ్లారా చూశాను.

ఆ బృందం దీనికి పేటెంట్ పెట్టుకోలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు గౌరవంగా ఉంటుంది. తయారీ విధానాన్ని మన హైదరాబాద్ కంపెనీ బయొలాజికల్-ఇ కి అందించారు. ఇండోనేషియాలో బయోఫార్మా కూడా ఇదే పునాది మీద ఇండోవ్యాక్ అనే టీకా తెచ్చింది. బయొలాజికల్-ఇ 1953 నాటి సంస్థ, మందుల షాపులవాళ్లకు టి.టి. ఇంజెక్షన్ పెట్టెల మీద చూసి చూసి అలవాటైన పేరు. పేటెంట్ బరువు లేకపోవడం, ఈస్ట్‌లో పెంచడం చవక కావడం ధరలో కనబడింది. ప్రభుత్వానికి డోసు 145 రూపాయలకు ఇచ్చారు, పన్ను అదనం. ప్రైవేటు ఆస్పత్రులకు మొదట 840 పెట్టారు, 2022 మేలో దాన్ని 250కి దించారు. మామూలు ఫ్రిజ్‌లో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటే చాలు. మా షాపులో ఇన్సులిన్ పెట్టే ఫ్రిజ్ కూడా అంతే. మైనస్ డెబ్బై డిగ్రీల టీకాను దామరచర్ల తండాలకు ఎవరు తీసుకెళ్తారు? నీలం రంగు వ్యాక్సిన్ డబ్బాలో ఐస్‌ప్యాకుల మధ్య పెట్టుకుని, స్కూటీ మీద వెళ్లి వేసి రాగలిగిన టీకా ఇది.

ఇక వేయించిన రోజు. 2022 మార్చి 16న దేశమంతా పిల్లలకు మొదలుపెట్టారు. ఆ తర్వాత మా పాప బడిలో శిబిరం పెట్టారు. ఏఎన్ఎమ్ అమ్మ చేతులు చూస్తూ నిలబడ్డాను, నా వృత్తి అలవాటు అది. సీసాను కుదిపింది. కుదపకపోతే అల్యూమినియం లవణం అడుగున ఉండిపోతుంది, కుదిపితే మందు సమంగా కలుస్తుంది. మూత తీసిన టైం సీసా లేబుల్ మీద పెన్నుతో రాసింది. తీశాక కొన్ని గంటల్లోనే వాడేయాలి కాబట్టి. ఒక సీసాలో చాలామందికి సరిపడే మందుంటుంది, అందుకని పిల్లలు తగినంతమంది పోగయ్యేదాకా మూత తీయలేదు. ఒకసారి వాడితే మళ్లీ పిస్టన్ వెనక్కి రాని సిరంజి, ఆటో-డిజేబుల్ అంటారు, ప్రతి పిల్లకూ కొత్తది పొట్లం చించి తీసింది. భుజం కండలో అర మిల్లీలీటరు. అందులో ఉండే ప్రోటీన్ 25 మైక్రోగ్రాములు. ఎండలో, గోల చేసే పిల్లల మధ్య, ఒక్కటీ తప్పకుండా చేసుకుపోయిన ఆ అమ్మకు నేను చెయ్యెత్తి దండం పెట్టాను.

సూది వేశాక పిల్లల్ని అరగంట కూర్చోబెట్టారు. మా పాపకు ఆ రాత్రి భుజం నొప్పి, కాస్త ఒళ్లు వెచ్చబడింది. పారాసిటమాల్ ఒకటి వేశాను, తెల్లారి బడికి వెళ్తానంది. 28 రోజుల తర్వాత రెండో డోసుకు ఆ వెచ్చదనం కూడా లేదు. నాకు బూస్టర్ వేసింది 2022 ఆగస్టు తర్వాత. కోవిషీల్డ్ గానీ కోవాగ్జిన్ గానీ రెండు డోసులు పూర్తయి ఆరు నెలలు దాటినవాళ్లు వేరే టీకాగా కార్బెవ్యాక్స్ తీసుకోవచ్చని అప్పుడే అనుమతి వచ్చింది. మన దేశంలో అలా మార్చి వేసుకోవడానికి అనుమతి పొందిన మొదటి టీకా ఇదే. నాకు చేయి బరువుగా అనిపించడం తప్ప ఏమీ కాలేదు. 2023 ఏప్రిల్‌లో కేంద్రం నుంచి సరఫరా ఆగిపోతే తెలంగాణ ప్రభుత్వమే 5 లక్షల డోసులు కొని పీహెచ్‌సీల్లో పెట్టింది. మా ఆయన అప్పుడు వేయించుకున్నాడు.

ఇంతదాకా మెచ్చుకున్నాను. ఇప్పుడు నాకు నచ్చనిది.

ఈ టీకా 90 శాతానికి పైగా రక్షిస్తుందని మొదట్లో వచ్చిన ప్రకటనలు మీరు చదివే ఉంటారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చాలామందికి తెలియదు. కోవాగ్జిన్‌కు 25,798 మందిని తీసుకుని, కొందరికి టీకా, కొందరికి టీకా లేని ఉత్త మందు (ప్లాసిబో) వేసి, ఎవరికి జబ్బు వచ్చిందో లెక్కపెట్టి 77.8 శాతం అన్నారు. కార్బెవ్యాక్స్‌కు అలా చేయలేదు. దీన్ని వేసుకున్నవాళ్ల రక్తంలో వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఎంత తయారయ్యాయో కొలిచి, కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లతో పోల్చారు. అంతకన్నా మెరుగ్గా ఉన్నాయి. ఆ మట్టం యాంటీబాడీలున్నప్పుడు వేరే టీకాల్లో ఎంత రక్షణ కనబడిందో చూసి ఈ అంకె అంచనా కట్టారు. ఇది మోసం కాదు. 2021 చివరికి టీకా పడనివాళ్లు దొరకడమే కష్టం, ఉత్త మందు వేసి జబ్బు వస్తుందేమో చూడటం అన్యాయం. శాస్త్రం ఒప్పుకునే దారే ఇది. అయితే కొలిచిన అంకెకూ అంచనా వేసిన అంకెకూ తేడా ఉంది. ఆ తేడా చెప్పాల్సిన బాధ్యత ఉంది. చెప్పి ఉంటే జనం తట్టుకోలేరా? బీపీ మందు రెండు కంపెనీలది పెడితే తేడా ఏమిటని నిలదీసి అడిగే జనం మనవాళ్లు.

పిల్లల విషయంలో ఇది నన్ను ఇంకా బాధించింది. 2022 ఫిబ్రవరిలో పిల్లలకు అనుమతి వచ్చింది మధ్యంతర ఫలితాల మీద. నెల తిరక్కుండా బడుల్లో వేయడం మొదలైంది. నిపుణులు సరిచూసి పత్రికలో అచ్చువేసిన వ్యాసం అప్పటికి నాకు చదవడానికి లేదు. ఈస్ట్ పద్ధతి పాతది, ఉత్తేజకాల గురించి తెలుసు, పెద్దల ఫలితాలు బాగున్నాయి అని నాకు నేను లెక్క వేసుకుని వేయించాను. ఆ నిర్ణయం సరైనదే, ఇవాళైనా అదే చేస్తాను. నాలాగా లెక్క వేసుకునే చదువు లేని తల్లి మాత్రం దేన్ని పట్టుకుని వేయించాలి? ఆమె పట్టుకున్నది వాట్సాప్‌ను.

ఆ వాట్సాప్‌లో ఏమొచ్చిందో చెబుతాను. మా అత్తమ్మ మనవరాలి విషయంలో గట్టిగా అడ్డుపడింది. "పోరి ఇంక పెద్దమనిషి గూడ కాలే. గీ సూది ఏస్తే రేపు పిల్లలు పుట్టరంట. నువ్వు మందులు సదివినవు గని, నా మాట ఇను బిడ్డా." అత్తమ్మ ఒక్కతే కాదు, పన్నెండు పదమూడేళ్ల ఆడపిల్లలున్న తల్లుల్లో సగంమంది ఇదే మాట మెల్లగా, మగవాళ్లు లేనప్పుడు, కౌంటర్ మీదకు వంగి అడిగారు. అసలు ఈ మాట పుట్టింది మన దగ్గర కాదు. 2020 డిసెంబరులో యూరప్ మందుల నియంత్రణ సంస్థకు ఇద్దరు ఒక అర్జీ పెట్టారు. కడుపులో బిడ్డను పోషించే మాయకు అవసరమైన సిన్సిటిన్ అనే ప్రోటీన్‌కూ వైరస్ ముల్లుకూ పోలిక ఉందనీ, ముల్లు మీదకు తయారైన యాంటీబాడీలు మాయ మీద కూడా పడొచ్చనీ అందులో అనుమానం. రెండు ప్రోటీన్ల వరసలూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు చెప్పుకోదగ్గ పోలికే దొరకలేదు. అదే నిజమైతే కరోనా వచ్చి తగ్గిన ప్రతి ఆడమనిషికీ అదే జరగాలి, వాళ్ల ఒంట్లోనూ ముల్లు మీద యాంటీబాడీలు ఉంటాయి కదా. అత్తమ్మకు ఈ చివరి మాటే పనిచేసింది. మా చిన్నాడపడుచుకు 2020లో కరోనా వచ్చింది, తర్వాత బాబు పుట్టాడు. అత్తమ్మ ఆ బాబును ఎత్తుకుని పెంచింది. ఇంకేం అడ్డు చెప్పలేదు.

నెలసరి గురించి అడిగినవాళ్లకు మాత్రం నేను "ఏమీ కాదు" అని కొట్టిపారేయలేదు. అమెరికాలో వేలమంది ఆడవాళ్ల లెక్కలు చూస్తే, వేరే రకం టీకాల తర్వాత ఆ నెల తేదీ సగటున ఒక్క రోజు లోపే ఆలస్యమైంది, తర్వాత సర్దుకుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే నమ్మకం పెరుగుతుందని నా అనుభవం. "నాకు రెండు దినాలు లేటైంది" అన్న మనిషితో "నీ భ్రమ" అంటే ఆమె ఇక మన మాట దేన్నీ వినదు.

2024 ఏప్రిల్ చివర్లో ఇంకో అల వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌తో కలిసి కోవిషీల్డ్‌ను రూపొందించిన ఆస్ట్రాజెనెకా, అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని బ్రిటన్ కోర్టులో ఒప్పుకుందని వార్త. రెండేళ్ల కిందట టీకా వేయించిన తల్లిదండ్రులు పరుగెత్తుకొచ్చి "మా పిల్లకు ఏసింది గదేనా?" అని అడిగారు. కాదు. ఆ సమస్య ముడిపడింది అడినోవైరస్ (కోవిషీల్డ్‌లో వాడిన ఆ జలుబు వైరస్ రకం) వాహకంగా ఉన్న టీకాలతో. కార్బెవ్యాక్స్‌లో ఏ వైరస్సూ లేదు. కోవిషీల్డ్ వేయించుకున్నవాళ్లకైనా అది చాలా అరుదు, వచ్చేది టీకా పడిన మొదటి కొన్ని వారాల్లోనే, ఏళ్ల తర్వాత కాదు. పైగా ఆ సంగతి 2021లోనే బయటికి వచ్చింది, వైద్య పత్రికల్లో రాశారు. అప్పుడే జనభాషలో చెప్పి ఉంటే 2024లో ఇంత భయం ఉండేది కాదు. ఆ వారం మా షాపులో రక్తం పలచబడే మాత్రలు చీటీ లేకుండా ఇమ్మని అడిగినవాళ్లున్నారు. ఇవ్వలేదు. అవసరం లేని మనిషి వాటిని మింగితే లోపల రక్తస్రావం కావచ్చు, అది నిజమైన ప్రమాదం.

ఇప్పుడు ఆ దొంగ చేతి తొడుగు సంగతి, అంటే వైరస్ రూపం మార్చుకోవడం. వైరస్ తన 30 వేల అక్షరాలను నకలు చేసుకునేటప్పుడు తప్పులు పడతాయి. కరోనాకు తప్పులు దిద్దే ఎంజైమ్ కూడా ఉంది, అందుకే ఫ్లూ కన్నా నెమ్మదిగా మారుతుంది. అయినా కోట్ల మందిలో తిరిగితే తప్పులు పోగవుతాయి. వాటిలో చాలావరకు దేనికీ పనికిరావు. కొన్ని ఆ పట్టుకునే ముక్క మీదే పడి వైరస్‌కు కలిసొస్తాయి.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2021 మేలో "ఏపీ స్ట్రెయిన్" అని టీవీలన్నీ ఊదరగొట్టాయి, 15 రెట్లు ప్రమాదకరమన్నాయి. దాని అసలు పేరు ఎన్440కె. స్పైక్ గొలుసులో 440వ పూస ఆస్పరజీన్ బదులు లైసీన్ అయింది, అంతే. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీవాళ్లు ప్రయోగశాలలో కణాల మీద పెంచి చూస్తే అది పాతదానికన్నా ఎక్కువగా పెరిగింది. సీసాలో ఎక్కువ పెరగడం వేరు, మనుషుల్ని ఎక్కువ చంపడం వేరు. ఆ రెంటినీ కలిపేశారు. నిజానికి టీవీల్లో మోగే సమయానికి అది తగ్గిపోతోంది, దాని చోటును డెల్టా ఆక్రమిస్తోంది. తగ్గిపోతోందని సీసీఎంబీవాళ్లే చెప్పారు, ఎవరు విన్నారు? మే 6న ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చేవాళ్లు 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. మా ఊరి నుంచి కాస్త దూరం పోతే వాడపల్లి, కృష్ణ దాటితే ఆంధ్ర. అవతలి ఒడ్డు నుంచి ఎప్పుడూ మా దగ్గరికే వచ్చి మందులు కొనే ఒక పెద్దాయన్ని లైన్లో ఉన్నవాళ్లు "ఆంధ్రోళ్ల వైరస్" అని దూరం జరగమన్నారు. ఆయన చీటీ నా చేతికివ్వకుండా కౌంటర్ మీద పెట్టి వెనక్కి జరిగి నిలబడ్డాడు. ఒక అక్షరం మార్పును అర్థం చేసుకోకుండా అరిస్తే ఒక మనిషికి జరిగిన అవమానం అది. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఆ 440వ పూస ఉన్నది ఆర్‌బీడీలోనే. కార్బెవ్యాక్స్‌లో ఉన్న ముక్కలోనే. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా, బోట్స్వానాల నుంచి ఒమిక్రాన్ బయటపడినప్పుడు దాని ఆర్‌బీడీలో 15 దాకా మార్పులున్నాయి, వాటిలో ఎన్440కె కూడా ఒకటి. కార్బెవ్యాక్స్‌కు అత్యవసర అనుమతి వచ్చింది 2021 డిసెంబర్ 28న. లోపల ఉన్నదేమో వూహాన్ నాటి పాత ముక్క. అంటే పుట్టేనాటికే దొంగ చేతికి తొడుగు వచ్చేసింది. ఇది తయారీదారుల తప్పు కాదు, అప్పటి టీకాలన్నింటి పరిస్థితీ అదే. కాకపోతే వైరస్ మొత్తాన్నో ముల్లు మొత్తాన్నో చూపించే టీకాల్లో గుర్తుపట్టడానికి వేరే చోట్లు కూడా ఉంటాయి. ఒక్క ముక్కనే నమ్ముకున్న టీకాకు ఆ ముక్క మారితే దెబ్బ ఎక్కువ తగులుతుందని నా అభిప్రాయం. ముక్క మార్చి కొత్తది చేయడం తేలిక కావడం దీనికున్న సుగుణం. పాత ముక్కతోనైనా పనికి రాకుండా పోదు. జలుబులా రావడాన్ని ఆపలేకపోయినా, ఊపిరితిత్తుల దాకా పోనివ్వకుండా కాసే కణాలు శరీరంలో తయారవుతాయి. ఒమిక్రాన్ తర్వాత "టీకా వేసుకున్నా వచ్చింది కదా, ఇదంతా దండగ" అన్నవాళ్లకు నేను చెప్పింది ఇదే. 2021 ఏప్రిల్, మే నెలల్లో మా షాపు ముందు ఆక్సిజన్ కోసం, రెమ్‌డెసివిర్ కోసం ఏడ్చిన మనుషులు మీకు గుర్తున్నారా? 2022 జనవరిలో అంతకన్నా వేగంగా పాకినా ఆ ఏడుపులు లేవు. అందులో ఒమిక్రాన్ స్వభావం కొంత, అంతకుముందు వచ్చి తగ్గిన జబ్బు కొంత, టీకా కొంత.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జనవరిలో కార్బెవ్యాక్స్‌ను అత్యవసర వినియోగ జాబితాలో చేర్చింది. అప్పటికి మన ప్రభుత్వానికి 10 కోట్ల డోసులు అందాయి. మంచి గుర్తింపే, అయితే అవసరం తీరిపోయాక వచ్చింది. కోవాగ్జిన్‌కు అదే గుర్తింపు 2021 నవంబర్‌లో వస్తే గల్ఫ్‌కు పోయే మా ఊరి పిల్లలకు ఎంత పనికొచ్చిందో చూశాను.

2025 మే, జూన్‌లో కేసులు కాస్త పెరిగినప్పుడు మళ్లీ "ఆ సూది దొరుకుతదా" అని అడగడం మొదలైంది. నేను చెప్పేది చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఇప్పుడు మళ్లీ డోసు వేయించాలని పరుగెత్తక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులే 2023లో వాళ్లను చివరి వరసలో పెట్టారు. అరవై దాటినవాళ్లు, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు తమ డాక్టర్‌ను అడగాలి. అప్పుడు ఏ టీకా దొరికినా, లోపల ఉన్నది ఏ రకం ముక్కో అడిగి తెలుసుకోవాలి. అడగడం మన హక్కు.

అయిదుకు ఎన్ని చుక్కలు (స్టార్లు) అంటే: మందుకు నాలుగు, ధరకు అయిదు, సమాచారానికి రెండు. ఆ రెండు అయిదు కావడానికి పెద్ద ఖర్చేమీ లేదు. శిబిరంలో ఏ తల్లి చేతికీ తెలుగు కాగితం రాలేదు. మళ్లీ ఎప్పుడు ఏ టీకా వచ్చినా సీసాతో పాటు ఒక్క పేజీ రావాలి, మా అత్తమ్మకు చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగులో. లోపల ఏముంది, ఎంతమంది మీద పరీక్షించారు, వాళ్లలో పిల్లలెందరు, చెప్పిన అంకె కొలిచిందా అంచనానా, ఏ ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి. కాగితం నాకిస్తే అచ్చు ఖర్చు మా షాపే పెట్టుకుంటుంది, ప్రతి చీటీతో పాటు ఒకటి చేతిలో పెడతాను.